టపాకాయల మోతకు బెదిరి గేటు దాటని కుక్క: మళ్ళీ నడకకు ఎలా తీసుకెళ్ళాలి?

లాకులదారి (అంబాజీపేట దగ్గర పల్లె)

అందరికీ నమస్కారమండి. మా చుక్కి గురించి సలహా కావాలి. ఊరకుక్కేనండి, ఆడది, నాలుగేళ్ళుంటాయి. పిల్లప్పుడు కొబ్బరి ఒలిచే షెడ్డు దగ్గర దొరికితే తెచ్చుకున్నాం. రోజూ సాయంత్రం పుంతలోంచి కాలవగట్టెక్కి లాకుల దాకా వెళ్ళి వచ్చేవాళ్ళం. మేకుకి తగిలించిన గొలుసు తీస్తే చాలు, చప్పుడు విని దొడ్లో ఎక్కడున్నా పరిగెత్తుకొచ్చేది.

కార్తీకమాసంలో మా వీధి మలుపులో పెళ్ళి ఊరేగింపు ఎదురైంది. పక్కకి తప్పుకునేలోపే టపాకాయల వాలా అంటించేశారు. మాకూ దానికీ మధ్య పట్టుమని పదడుగులు లేవు. చుక్కి ఒక్క ఉదుటున వెనక్కి తిరిగి, బెల్టులోంచి తల లాగేసుకుని, ఇంటికొచ్చి వసారాలో మంచం కింద దూరింది.

అప్పట్నించీ ఇదీ వరస. పొద్దున్న గేటు దాకా వస్తుంది, అక్కడ కూలబడుతుంది. తోక కాళ్ళ మధ్య. చెవులు వెనక్కి. సాయంత్రమైతే గొలుసు తీసిన చప్పుడుకే మంచం కిందకి పోతోంది. ఇంట్లో అన్నం మామూలుగానే తింటోంది కానీ గేటు బయట మాంసం ముక్క పెట్టినా వాసన చూడదు. దూరంగా బైకు సైలెన్సరు టప్పుమన్నా చాలు, ఇంటివైపు లాగుతుంది.

మా మావయ్యగారేమో "కుక్కకి భయమేంటమ్మా, నాలుగు రోజులు ఈడ్చుకెళ్ళండి, అదే సర్దుకుంటుంది" అంటున్నారు. సంక్రాంతి దగ్గరపడుతోంది. మాది ప్రభలు తిరిగే ఊళ్ళ మధ్య, కనుమ రోజు బాణసంచా సంగతి మీకు చెప్పక్కర్లేదు. ఏం చెయ్యమంటారు?

పందెంకోడి (భీమవరం)

మీ మావయ్యగారు చెప్పిందే కరెక్టండి. మా వీధిలో ఒకాయన రాజపాళయం కుక్కని డీజే బండి పక్కనే నిలబెట్టి అలవాటు చేశాడు. ఇప్పుడు బాంబు పేలినా కదలదు. ముద్దు చేసే కొద్దీ నెత్తికెక్కుతాయి.

పాలకొల్లు_అక్క

పందెంకోడి తమ్ముడూ, ఆ రాజపాళయం కదలడం లేదు సరే. అది తింటోందా, ఆడుతోందా, కళ్ళు ఎలా ఉన్నాయి, అదెవరైనా చూశారా? పారిపోయే దారి లేదని తెలిసిన కుక్క కొయ్యబారిపోతుంది. బయటికి బుద్ధిమంతురాల్లా కనబడుతుంది. లోపల భయం అలాగే ఉంటుంది, ఒక్కోసారి ఇంకా ముదురుతుంది. ఏదో ఒక రోజు చెయ్యి పెట్టిన మనిషి మీద బయటపడుతుంది.

లాకులదారి గారూ, మీరు రాసిందాంట్లో నాకు ముఖ్యంగా కనబడింది గేటు బయట మాంసం ముక్క ముట్టకపోవడం. అది మొండితనం కాదండి. భయం హద్దు దాటినప్పుడు కుక్కకి ఆకలి తెలీదు. అంటే మీ గేటు అంచు ఇప్పుడు దానికి చాలా దూరం. కాబట్టి తిండి తీసుకోగలిగిన చోటు ఎక్కడుందో వెతకండి. అరుగు మీద తింటుందా? గేటుకి ఇవతల పూలకుండీల దగ్గర? అక్కణ్ణించి మొదలుపెట్టాలి.

మా లాబ్రడార్‌కి ఓ వినాయకచవితి నిమజ్జనంలో ఇలాగే అయింది. మేం చేసింది ఇదీ.

మొదట కొన్నాళ్ళు వీధి నడక పూర్తిగా మానేశాం. దొడ్లోనే తిప్పడం, అక్కడే ఒంటికీ రెంటికీ. చాలామంది ఈ మాటకే కంగారుపడతారు, నడక మానేస్తే ఇంకా పిరికిదైపోతుందని. అవ్వదు. ఒకసారి గట్టిగా బెదిరాక ఆ టెన్షన్ ఒంట్లోంచి దిగడానికి గంటలు కాదు, రోజులు పడుతుంది. అది దిగకముందే మళ్ళీ బయటికి లాగితే చిన్న చప్పుడు కూడా పెద్ద దెబ్బలా తగులుతుంది. ఆ రోజుల్లో నడక బదులు ముక్కుకి పని పెట్టాం. పాత గోనెసంచి మడతల్లో, కొబ్బరాకుల కింద తిండి ముక్కలు దాచి వెతకమనేవాళ్ళం. వాసన చూసుకుంటూ తిరిగే కుక్క ఒళ్ళు వదులవుతుంది, మీరే చూస్తారు.

తర్వాత వేళ మార్చాం. సాయంత్రం మానేసి తెల్లవారుజామున, పాలవాళ్ళు తిరిగే వేళకి. ఆ పూట బ్యాండు ఉండదు, పిల్లలుండరు, బస్సులు తక్కువ.

అన్నిటికన్నా ముఖ్యం, వెనక్కి తిరిగే హక్కు దానికే వదిలెయ్యడం. అది ఆగితే మనమూ ఆగాలి. ఇంటివైపు చూస్తే ఇంటికే రావాలి, "ఇంకొంచెం, ఆ స్తంభం దాకా" అని బతిమాలకూడదు. వింతేమిటంటే, ఎప్పుడంటే అప్పుడు వెనక్కి పోవచ్చని తెలిశాకే అది ముందుకి నడవడం మొదలుపెట్టింది.

తణుకు_తమ్ముడు

అక్కా, ఒక అనుమానం. భయపడ్డప్పుడు నిమిరితే, తిండి పెడితే, భయపడినందుకు బహుమతి ఇచ్చినట్టు అవదా? మా ఇంట్లో అందరూ అలాగే అంటారు.

పాలకొల్లు_అక్క

అవదు తమ్ముడూ. కూర్చో అంటే కూర్చోవడం కుక్క చేసే పని, దానికి బహుమతిస్తే ఆ పని ఎక్కువ చేస్తుంది. భయం అది చేసే పని కాదు, దానికి కలిగేది. మెరుపులకి జడిసిన పిల్లాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుంటే రేపు ఇంకా ఎక్కువ జడవడు కదా. దగ్గరికొస్తే నిమరండి. దూరంగా మంచం కింద ఉంటానంటే అక్కడే ఉండనివ్వండి. బయటికి లాగి ఓదార్చకండి, అంతే.

పాతడాక్టరు (రాజోలు)

నేను పశువైద్యశాఖలో చేసి రిటైరయ్యాను. అక్కగారు చెప్పినదంతా సరైనదే. దానికి ముందు ఒక మెట్టు ఉంది, అది అందరూ దాటేస్తారు.

నాలుగేళ్ళ కుక్క, ఇన్నేళ్ళూ దీపావళులు చూసిందే. ఉన్నట్టుండి ఇంత బెదిరిందంటే ఒంట్లో ఎక్కడైనా నొప్పి ఉందేమో ముందు చూపించండి. తుంటి, మోకాలు, చెవి, పన్ను, ఏదైనా కావచ్చు. హఠాత్తుగా చప్పుడొస్తే కండరాలన్నీ బిగుసుకుంటాయి. అప్పటికే నొప్పి ఉన్నచోట అది పోటెత్తుతుంది. కుక్క లెక్కలో ఆ నొప్పి చప్పుడు వల్ల వచ్చిందే. చప్పుడంటే భయపడే కుక్కల్లో ఒళ్ళునొప్పులున్నవాటినీ లేనివాటినీ పోల్చి 2018లో ఒక పరిశోధన వచ్చింది. నొప్పులున్న కుక్కల్లో ఈ భయం పెద్ద వయసులో మొదలైంది. అవి మిగతా కుక్కల జోలికి పోవడం కూడా ఎక్కువగా మానేశాయి. నొప్పికి వైద్యం జరిగాక వాటి ప్రవర్తన బాగుపడింది. మన డెల్టాలో ఇంకోటి, గోమార్లు. పిడుదులనీ అంటారు. వాటివల్ల వచ్చే జ్వరంలో కీళ్ళ నొప్పులుంటాయి, కుక్క మందకొడిగా ఉంటుంది. రక్తపరీక్షలో తెలుస్తుంది. చుక్కి బెల్టులోంచి తల లాక్కుందన్నారు కాబట్టి మెడ కూడా చూపించండి.

కుక్క చెవి గురించి ఒక మాట. మనిషికి 20,000 హెర్ట్జ్ (చప్పుడు ఎంత కీచుగా ఉందో చెప్పే కొలత) పైన ఏమీ వినబడదు. కుక్క 45,000 దాకా వింటుంది. మనకి టప్పుమని వినబడేది దానికి ఎలా వినబడుతుందో మన కొలతతో చెప్పలేం. "ఇంత చిన్న చప్పుడుకే?" అనుకోవద్దు.

లాకులదారి

డాక్టరుగారూ, మీరన్నాక గుర్తొచ్చింది. ఈ మధ్య అరుగు ఎక్కేటప్పుడు వెనక ఎడమకాలు ఎత్తిపెట్టి ఎక్కుతోంది. ముల్లు గుచ్చుకుందేమో అనుకున్నాం. గన్నవరంలో చూపిస్తాను.

తణుకు_తమ్ముడు

గన్నవరం అంటే వెటర్నరీ కాలేజీ ఉన్న గన్నవరమా? అంత దూరమా!

లాకులదారి

కాదండీ బాబూ, మా పి.గన్నవరం! మీరన్న కృష్ణా జిల్లా గన్నవరం దాకా వెళ్ళే ఓపిక నాకూ లేదు, చుక్కికీ లేదు.

కాకినాడ_కాజా

ఇవన్నీ అయ్యే పనులు కావండి. మెడికల్ షాపులో నిద్రమాత్ర అడిగి సగం వేస్తే కనుమ పూటకి సుబ్బరంగా పడుకుంటుంది.

పాతడాక్టరు (రాజోలు)

దయచేసి ఆ పని ఎవరూ చెయ్యొద్దు. మందులు వద్దని నేననడం లేదు. చప్పుడు భయానికి మంచి మందులున్నాయి. ట్రాజోడోన్, గాబాపెంటిన్ లాంటివి పశువైద్యులు రాస్తారు. కానీ మోతాదు కుక్క బరువునిబట్టి, గుండె, కాలేయం, మూత్రపిండాల పరిస్థితినిబట్టి ఉంటుంది. పైగా మనుషుల గాబాపెంటిన్ ద్రవరూపంలో దొరికేవాటిలో కొన్నింట్లో జైలిటాల్ అనే తీపి పదార్థం కలుస్తుంది. అది కుక్కలకి విషం.

ఇంకోటి. ఏస్‌ప్రొమజైన్ అనే పాత మందు ఇంకా కొన్నిచోట్ల ఇస్తున్నారు. అదొక్కటే ఇస్తే కుక్క కదలకుండా పడి ఉంటుంది, చూసేవాళ్ళకి నిమ్మళించినట్టే ఉంటుంది. భయం మాత్రం తగ్గదు. భయపడుతూనే కదల్లేని స్థితి అన్నమాట. డాక్టరు రాస్తుంటే, ఇది భయం తగ్గిస్తుందా లేక మత్తు మాత్రమేనా అని అడగండి. అడిగితే తప్పేమీ లేదు.

ఏ మందైనా పండగ రోజే మొదటిసారి వెయ్యకూడదు. అంతకుముందు ఏ సందడీ లేని రోజున ఒకసారి వేసి చూడాలి. కొన్ని కుక్కలకి మందు తిరగబడి కంగారు ఎక్కువవుతుంది. అది ముందే తెలియాలి. ఇక చప్పుళ్ళు మొదలయ్యాక వేస్తే పెద్దగా పనిచెయ్యదు. ఎంత ముందు వెయ్యాలో రాసిన డాక్టరే చెబుతారు.

రొయ్యలచెరువు (ఆకివీడు)

నాది ఇంకో రకం బాధండి. మా చెరువుల మీద నీటికాకులు, కొంగలు వాలకుండా కాపలావాళ్ళు టపాసులు పేలుస్తుంటారు. మా గట్టు మీద కాకపోతే పక్కవాళ్ళ గట్టు మీద. దానికో వేళ లేదు. తెల్లవారుజామున వెళ్దామంటే పిట్టలు వచ్చేదీ అప్పుడే! మా మోతీ అసలు చెరువు కాపలాకి తెచ్చిన కుక్క, ఇప్పుడు మోటారు షెడ్డు వదిలి రావడం లేదు. చెరువు నీళ్ళకి గాలి అందించే ఏరేటర్ల రొదకి మాత్రం ఏమీ అనదు. వేళాపాళా లేని చప్పుడుకి ఏం చేస్తాం?

పాలకొల్లు_అక్క

ఏరేటరు ఆగకుండా తిరుగుతుంది, ఎప్పుడొస్తుందా అని ఎదురుచూడక్కర్లేదు. టపాకాయ ఎప్పుడు పేలుతుందో తెలీదు, భయమంతా అందులోనే ఉంది. మీరన్న చోట నేను చెప్పే పద్ధతి ఒక్కటే: పేలిన ప్రతిసారీ, పేలిన తర్వాత, వెంటనే, దానికి ఎక్కువ ఇష్టమైన తిండి.

వరస ముఖ్యం. ముందు చప్పుడు, ఆ తర్వాత తిండి. తిండి చూపించాక చప్పుడైతే, కొన్నాళ్ళకి తిండి చూడగానే ఇప్పుడేదో పేలబోతోందని అనుకుంటుంది. అది ఏం చేస్తున్నా సరే పెట్టండి, మొరుగుతున్నా, దాక్కుంటున్నా. దీనికి కూర్చో, నిలబడు అని షరతులు లేవు. చప్పుడైతే కాలేయం ముక్క వస్తుందన్న లెక్క దాని బుర్రలో కుదరాలి. కొన్నాళ్ళకి చప్పుడు వినగానే చెరువు వైపు కాకుండా మీ చేతివైపు చూస్తుంది. అప్పుడు దారిలో పడ్డట్టు.

తిండి అంటే రోజూ పెట్టే పెరుగన్నం కాదండి. ఉప్పూ మసాలా లేకుండా ఉడకబెట్టిన కోడి కాలేయం, గుండె, వేలిగోరంత ముక్కలు కోసి డబ్బాలో పెట్టుకోండి. ఎండునెత్తళ్ళ వాసనకి పడి చస్తాయి కానీ ఉప్పు ఎక్కువ, బాగా కడిగి నానబెట్టి ఎప్పుడైనా ఒకటి. ఉల్లిపాయ వేసిన కూరలో ముక్కలు మాత్రం వద్దు, ఉల్లి వాటి రక్తాన్ని పాడుచేస్తుంది. ఈ ప్రత్యేకమైన తిండి ఇంకెప్పుడూ పెట్టొద్దు, చప్పుడప్పుడే.

మీ కాపలావాళ్ళతో ఒక ఒప్పందం చేసుకోగలరా? మీ గట్టు మీద పేల్చే ముందు ఫోను చేస్తే మోతీని ఎడంగా తీసుకుపోవచ్చు.

రొయ్యలచెరువు (ఆకివీడు)

మా గట్టు మీద మానిపించి రిబ్బన్లు కట్టించాను. పక్కవాళ్ళని ఏమీ అనలేం, రొయ్య రేటు ఇలా ఉన్నప్పుడు ఒక్క పిట్ట వాలినా వాళ్ళకి గుండె ఆగుతుంది. తిండి పద్ధతి మొదలెడతాను.

యానాం_గాలి

ఫోనులో టపాకాయల శబ్దాలు పెట్టి అలవాటు చెయ్యొచ్చంటారు కదా? మాదానికి పెట్టి చూశాను, అసలు లెక్కే చెయ్యలేదు. నిజం పేలుడుకి మాత్రం గోడెక్కేస్తుంది.

తణుకు_తమ్ముడు

ఫోను స్పీకరులో ఆ కింది స్థాయి మోత, అంటే గుండెలో తగిలే అదురు రాదండి. బాంబులోనూ ఉరుములోనూ అదే అసలు సరుకు. పెద్ద స్పీకరుకి తగిలించండి, కానీ సౌండు బాగా తగ్గించి. చెవి ఒకసారి ఇటు తిప్పి మళ్ళీ తన పని తను చూసుకునేంత చిన్నగా. ఒక్కో చప్పుడుకీ ఒక ముక్క. పెదవులు నాక్కోవడం, ఊరికే ఆవలించడం, తిండి విసురుగా లాక్కోవడం కనిపిస్తే సౌండు ఎక్కువైందని అర్థం. అయినా ఉరుముకి ఇది అంతగా పనిచెయ్యదు. ఉరుముతో పాటు గాలి, చీకటి, వాన వాసన అన్నీ కలిసొస్తాయి, అవి స్పీకరులో రావు.

నేను సౌండు సిస్టములు అద్దెకిస్తుంటాను, అందుకే ఇంత ఖచ్చితంగా చెప్తున్నా. నన్ను తిట్టుకోకండి.

పందెంకోడి (భీమవరం)

అంటే సగం కుక్కల్ని చెడగొట్టింది నువ్వేనన్నమాట తమ్ముడూ 😄

ముమ్మిడివరం_మాస్టారు

రూలు కూడా తెలుసుకోవడం మంచిది. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడుస్పీకర్లు వాడకూడదు. పండగలకి ప్రభుత్వం అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వొచ్చు, అది ఏడాదికి 15 రోజులకి మించకూడదు. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు. పేలే చోటికి 4 మీటర్ల దూరంలో 125 డెసిబెల్స్ దాటే టపాకాయలు తయారు చెయ్యడానికీ అమ్మడానికీ వీల్లేదు.

ఊళ్ళో ఇవన్నీ ఎవరు పట్టించుకుంటారంటారా, నిజమే. నేను చేసేది వేరు. పెళ్ళివారింటికి ముందే వెళ్ళి, "బాబూ, ఊరేగింపు మా వీధిలోకి ఎన్నింటికి వస్తుంది, వాలా ఎక్కడ కాలుస్తారు" అని అడుగుతాను. కాల్చొద్దని అననంతవరకూ అందరూ మర్యాదగానే చెబుతారు. ఆ వేళకి మా కుక్కని స్కూటరు మీద కూర్చోబెట్టుకుని సముద్రం వైపు సరుగుడు తోటల్లోకి పోతాను.

పాలకొల్లు_అక్క

మాస్టారూ, బంగారంలాంటి మాట. బండి మీదో ఆటోలోనో ఎక్కే అలవాటున్న కుక్కకి నడక ఇంటి గుమ్మం నుంచే మొదలవ్వాలని లేదు. భయపడ్డ వీధి దాటించి, కొత్త చోట దింపితే చాలా కుక్కలు అక్కడ మామూలుగా నడుస్తాయి. నడక సరదా మళ్ళీ వస్తుంది. సొంత వీధి సంగతి తర్వాత చూసుకోవచ్చు.

ఒకటి మరిచాను. లాకులదారి గారూ, బెల్టులోంచి తల లాక్కుందన్నారు. ఇక మెడ బెల్టు ఒక్కదాన్నే నమ్మొద్దు. ముందునుంచి చూస్తే ఆంగ్ల వై అక్షరంలా ఉండి, భుజాలు ఆడనిచ్చే హార్నెస్ కొనండి. ముందుకాళ్ళ వెనక ఛాతీ చుట్టూ టేపుతో కొలిచి ఆ కొలతే చెప్పాలి, బరువునిబట్టి చెబితే వదులుది ఇచ్చేస్తారు. కొన్నాళ్ళు రెండు తాళ్ళు కట్టండి, ఒకటి హార్నెస్‌కి, ఒకటి బెల్టుకి. బెల్టు మీద మీ ఫోను నంబరు. బెదిరిన కుక్క ముందూ వెనకా చూడదు, కాలవలోకైనా దూకుతుంది, లారీ కిందకైనా పోతుంది. తాడు చేతికి చుట్టుకోకండి, ఈడిస్తే వేళ్ళు పోతాయి. కాస్త పొడుగు తాడైతే దానికి ఆగి వాసన చూసుకునే వీలుంటుంది.

లాకులదారి

చూపించానండి. మోకాలి దగ్గర బెణుకట. నొప్పికి మందిచ్చారు, కొన్నాళ్ళు గెంతులు వద్దన్నారు. పాతడాక్టరు గారికి చేతులెత్తి దండం.

ఇక మిగతాది. నడక మానేసి దొడ్లో ముక్కు ఆట పెట్టాం. కొబ్బరి డొక్కల కుప్పలో కాలేయం ముక్కలు దాస్తే ఒక్కటీ వదలడం లేదు. మా మావయ్యగారు మొదట నవ్వారు, ఇప్పుడు దాచేది ఆయనే.

గేటు గడియ చప్పుడుకి కూడా మంచం కిందకే పోతోంది, అందుకని ముందు గడియతోనే మొదలెట్టాను. గడియ తీయడం, ముక్క వేయడం, మళ్ళీ వేసేయడం. బయటికి వెళ్ళేది లేదు. ఇప్పుడు గడియ తీస్తే తనే వచ్చి నిలబడుతోంది. తోక ఇంకా పైకి లేవలేదు కానీ కాళ్ళ మధ్యలోంచి బయటికొచ్చింది. నిన్న తెల్లారగట్ల గేటు దాటి మా ప్రహరీ చివర కరెంటు స్తంభం దాకా వెళ్ళి, అక్కడ చాలాసేపు వాసన చూసి, తనే వెనక్కి తిరిగింది. నేను నోరెత్తలేదు.

పాలకొల్లు_అక్క

స్తంభం దగ్గర వాసన చూసిందా! అది వీధంతా తిరగడం కన్నా ఎక్కువ. భయంలో ఉన్న కుక్క తల ఎత్తి చుట్టూ చూస్తూనే ఉంటుంది, ముక్కు నేలకి ఆనించదు.

లాకులదారి

అంతలోనే దెబ్బపడిందండి. సార్వా కోతలు కదా, కోత మిషను మా పుంతలోంచి వస్తూ సరిగ్గా మా గేటు ముందు ఇంజను గుర్రుమనిపించాడు. మళ్ళీ మంచం కింద. ఇవాళ పొద్దున్న గడియ చప్పుడుకి రాలేదు. మొదటికొచ్చినట్టేనా?

పాతడాక్టరు (రాజోలు)

మొదటికి రాదు. ఒకటి రెండు రోజులు దొడ్లోనే ఉంచి, గడియ దగ్గర మళ్ళీ మొదలెట్టండి. ఈసారి తొందరగా వస్తుంది. ఇలాంటివి ఇంకా జరుగుతాయి, మన ఊళ్ళలో కోత మిషన్లని ఆపలేం. కోలుకోడానికి పట్టే సమయం ప్రతిసారీ తగ్గుతోందా లేదా అన్నది గమనించండి. తగ్గకపోతే, లేదా ఇంట్లో కూడా తిండి మానేస్తే, అప్పుడు రోజూ వాడే మందుల గురించి మాట్లాడాలి. అవి పనిచెయ్యడానికి వారాలు పడతాయి.

పందెంకోడి (భీమవరం)

ఇదంతా చదివాక ఆ రాజపాళయాన్ని వెళ్ళి దగ్గరగా చూశాను. కదలదు, నిజమే. కానీ డీజే బండి స్టార్టయ్యేసరికి నోట్లోంచి చొంగ కారుతోంది, వెనక కాళ్ళు వణుకుతున్నాయి. ఆయనకి చెప్పాను, వినలేదు. ఈ చర్చ లింకు పంపాను.

లాకులదారి

కనుమకి ఏం చెయ్యాలో చెప్పండి. జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్ళే ప్రభ ఒకటి మా రోడ్డు మీదుగానే వెళ్తుంది. ఇంట్లో చుట్టాలు, పిల్లలు.

పాలకొల్లు_అక్క

ఆ రోజు శిక్షణ ఏమీ వద్దు, గండం గడిస్తే చాలు. తెల్లారకముందే దొడ్లో తిప్పేయండి. రోడ్డుకి దూరంగా, కిటికీలు తక్కువున్న గది చూడండి. ధాన్యం బస్తాలున్న గది ఉంటే అంతకన్నా మంచిది లేదు, బస్తాలు చప్పుడు పీల్చుకుంటాయి. ముందు నుంచే దాని గుడ్డ, నీళ్ళగిన్నె అక్కడ పెట్టి అలవాటు చెయ్యండి. పెద్ద ఫ్యాను, టీవీ ఆన్ చేసి ఉంచండి. తలుపు వేసి గొళ్ళెం పెట్టొద్దు, ఇరుక్కుపోయానన్న భయంతో గోళ్ళు ఊడేలా గీకుతుంది. గది తలుపు ఓరగా ఉంచి, వీధి తలుపు, గేటు మాత్రం ఖాయంగా వెయ్యండి. చుట్టాల పిల్లల్లో ఒకడికి "గేటు కాపలా నీదే" అని చెప్పండి, ఇనప్పెట్టెకి తాళం వేసినంత శ్రద్ధగా చూసుకుంటాడు. ఇంట్లో ఉన్నా బెల్టు, ఫోను నంబరు తియ్యొద్దు.

ముమ్మిడివరం_మాస్టారు

భోగి ముందురోజు రాత్రి నుంచే పిల్లలు మొదలెడతారు, కనుమ ఒక్కటే అనుకోకండి. ముక్కనుమ కూడా లెక్కలో వేసుకోండి.

లాకులదారి

పండగ అయింది. డాక్టరు రాసిన మాత్ర ముందొక రోజు వేసి చూశాం, ఏ ఇబ్బందీ లేదు. కనుమ నాడు ప్రభ వచ్చేసరికి చుక్కి బస్తాల సందులో ఉంది. వణికింది, రొప్పింది. కానీ ఔట్లు పేలిన ప్రతిసారీ మా మావయ్యగారు ముక్క వేస్తే మూడొంతులు తింది! గేటు బయట మాంసం ముక్క వాసన కూడా చూడని కుక్క. ప్రభ వెళ్ళిపోయాక లేచొచ్చి గారెల దగ్గర కూర్చుంది.

రెండు రోజులాగి మాస్టారు చెప్పినట్టు ఆటోలో గట్టు మీదకి తీసుకెళ్ళి దింపాం. లాకుల దాకా తనే ముందు నడిచింది, గొలుసు బిగుసుకోలేదు. తూము దగ్గర కప్పని చూసి తోక కూడా ఊపింది. కాలు కూడా ఇప్పుడు సరిగ్గానే మోపుతోంది.

ఇంటి నుంచి మాత్రం కుడివైపే వస్తుంది. ఎడమవైపు ఆ పెళ్ళి మలుపు. అటు తిరిగితే కాళ్ళు నేలకి తన్నిపెడుతుంది. ఇక మాఘం వస్తోంది, మళ్ళీ పెళ్ళిళ్ళు. ఆ మలుపు కూడా అలవాటు చెయ్యాలా?

పాతడాక్టరు (రాజోలు)

ఎందుకండీ? అటు మీకు పనేమైనా ఉందా?

లాకులదారి

ఏమీ లేదు, కిళ్ళీ కొట్టు తప్ప.

పాతడాక్టరు (రాజోలు)

అయితే వదిలెయ్యండి. కుడివైపు నడవండి. మోకాలు ఇంకోసారి చూపించుకోండి, తగ్గిందనిపించినా.

రొయ్యలచెరువు (ఆకివీడు)

మోతీ మోటారు షెడ్డులోంచి వంతెన దాకా వస్తున్నాడు. పేలినప్పుడు నా జేబువైపు చూస్తున్నాడు, అక్క చెప్పినట్టే. కాలేయం రోజూ కొనలేకపోతున్నాను, కోడిగుడ్డు ఉడకబెట్టి ముక్కలు చేసి పెట్టొచ్చా?

పాలకొల్లు_అక్క

పెట్టొచ్చు. ఉప్పు లేకుండా, గట్టిగా ఉడికించి. తడిగా ఉంటే జేబులో నలిగిపోతుంది, మూతున్న చిన్న డబ్బా పెట్టుకోండి.